మెనూలో లేని ప్రశ్నలు

చీమకుర్తి గ్రానైట్ గురించి రాస్తే నలుగురూ చదువుతారు గానీ నల్ల స్క్రీను (మౌస్ లేకుండా కమాండ్లు కొట్టి పని చేసే టెర్మినల్) గురించి రాస్తే ఎవరు చదువుతారు అని మా వారి అనుమానం. ఈసారి రెండూ కలిపే రాస్తున్నాను.

ఒంగోలు నుంచి చీమకుర్తి పోయే రోడ్డు మీద ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో స్టాకు, బిల్లింగు, ఎగుమతి కాగితాల కంప్యూటర్లు నేను చూసుకుంటాను. క్వారీ నుంచి లారీ మీద వచ్చిన బ్లాకు మొదలు, కంటైనర్ ఎక్కే ఆఖరి స్లాబు (బ్లాకుని కోసి తీసిన పలక) దాకా అన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. దాని మీద ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. చేసినవాళ్ళు చేసిచ్చి, డబ్బులు తీసుకుని, ఆ తరవాత ఫోన్ ఎత్తడం మానేశారు. సాఫ్ట్‌వేర్ చెడ్డదేం కాదు. మెనూలో పదకొండు రిపోర్టులున్నాయి, పదకొండూ చక్కగా వస్తాయి. చిక్కల్లా మా ఓనరు గారు ఎప్పుడూ పన్నెండోది అడుగుతారు.

"అమ్మా, 2 సెంటీమీటర్ల మందంలో, పొడవు 270 పైన ఉన్నవి, ఒకే బ్లాకువి 40కి తగ్గకుండా ఎక్కడన్నా ఉన్నాయా? పార్టీ లైన్లో ఉన్నాడు."

తెలియనివాళ్ళకి ఒక మాట. చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కల దొరికే నల్ల గ్రానైట్‌లో బంగారు రంగు చుక్కలుంటాయి. బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చే మెరుపు అది. బ్లాక్ గెలాక్సీ అని దేశదేశాల్లో అమ్ముడుపోయేది ఇదే. చుక్క పెద్దదా చిన్నదా, ఒత్తుగా ఉందా పలచగా ఉందా అనేది బ్లాకు బ్లాకుకీ మారిపోతుంది. ఒకే హాల్లో రెండు బ్లాకుల స్లాబులు పరిచారంటే అతుకు దగ్గర చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. అందుకే కొనేవాడు ఒకే బ్లాకువి కావాలని పట్టుబడతాడు.

సాఫ్ట్‌వేర్‌లో మందానికి ఫిల్టరు ఉంది, పొడవుకి లేదు. బ్లాకు నంబరు ఇస్తే స్లాబులు చూపిస్తుంది. ఏ బ్లాకులో 40 మిగిలాయో చెప్పమంటే మాత్రం దాని దగ్గర దారి లేదు. నేను చేరకముందు స్టాకు రిపోర్టు మొత్తం ఎక్సెల్లోకి దించుకుని, ఫిల్టర్లు పెట్టి, కళ్ళు చికిలించుకుని లెక్కేసేవాళ్ళట. ఈలోపు పార్టీ ఫోన్ పెట్టేసి పక్క ఫ్యాక్టరీకి కొట్టేవాడు.

పీఎస్‌క్యూఎల్ అని నల్ల స్క్రీనులో డేటాబేస్‌ని నేరుగా అడిగే ప్రోగ్రాం ఉంది, అందులో అదంతా ఐదారు లైన్ల పని. స్లాబుల టేబుల్లోంచి బ్లాకు నంబరూ, లెక్కా ఇవ్వు. మందం 20 మిల్లీమీటర్లు, పొడవు 270కి తగ్గనివి, ఇంకా యార్డులోనే ఉన్నవి మాత్రం చూడు. బ్లాకుల వారీగా విడగొట్టు. 40కి తగ్గిన బ్లాకుల్ని పక్కన పెట్టు. ఎక్కువున్నది పైన చూపించు. సెలెక్ట్, వేర్, గ్రూప్ బై, హ్యావింగ్, ఆర్డర్ బై. ఓనరు గారు "ఒక్క నిమిషం సార్" అని ఫోన్లో సర్దిచెబుతుండగానే నా ముందు నాలుగు బ్లాకు నంబర్లు ఉంటాయి.

పీఎస్‌క్యూఎల్ అంటే పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే టెర్మినల్ ప్రోగ్రాం. విడిగా కొనక్కర్లేదు. డేటాని టేబుళ్ళుగా పెట్టుకుంటే, అది డిస్కులో ఏ మూల ఎలా ఉందో మనిషికి తెలియాల్సిన పని లేదని 1970లో ఐబీఎంలో పనిచేసే కాడ్ అనే ఆయన ఒక వ్యాసం రాశాడు. 1974లో అదే కంపెనీలో చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు అడగడానికి ఒక భాష కట్టారు, ఇప్పటి ఎస్‌క్యూఎల్ అదే. బర్క్లీ యూనివర్సిటీలో పుట్టిన పోస్ట్‌గ్రెస్‌కి ఆ భాష నేర్పింది 1990ల మధ్యలో. పీఎస్‌క్యూఎల్ అప్పుడే వచ్చింది. అంటే మా ఆఫీసులో పనిచేసే సగంమంది కుర్రాళ్ళకంటే ఇదే పెద్దది. వాళ్ళేమో నా స్క్రీను చూసి "మేడం, హ్యాకింగా?" అంటారు.

కొత్త డేటాబేస్ ఏది చేతికొచ్చినా నేను ముందు సెలెక్ట్ కొట్టను. బ్యాక్‌స్లాష్ డీటీ కొడతాను, టేబుళ్ళ పేర్లు వస్తాయి. తరవాత బ్యాక్‌స్లాష్ డీ, పక్కన టేబుల్ పేరు. కాలమ్స్ ఏంటి, ఏది అంకె ఏది అక్షరం, దేన్ని ఖాళీగా వదలొచ్చు అనేది పైన వస్తుంది. అసలు విషయం కింద ఉంటుంది. ఇండెక్సులు, షరతులు, ఫారిన్ కీలు (ఇంకో టేబుల్‌తో ఉన్న చుట్టరికాలు), ఈ టేబుల్ని ఎవరెవరు పట్టుకుని ఉన్నారు అన్నీ అక్కడే. మా స్లాబుల టేబుల్‌కి ఆ కింది భాగం దాదాపు బోడిగా ఉంది. ప్యాకింగ్ లిస్టు టేబుల్‌కి స్లాబుల టేబుల్‌తో ఏ చుట్టరికమూ రాసి లేదు. రెండు చోట్లా బ్లాకు నంబరు అని ఒక కాలమ్ ఉంది, అంతే. రెండూ కలవాలనేది చేసినవాడి మనసులో ఉంది తప్ప డేటాబేస్‌కి తెలియదు. ఆ రోజే నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇంకోటి, ఈ బ్యాక్‌స్లాష్ కమాండ్లలో మాయేం లేదు. పీఎస్‌క్యూఎల్‌ని మొదలుపెట్టేటప్పుడు పెద్ద ఈ ఆప్షన్ ఇస్తే, బ్యాక్‌స్లాష్ డీ వెనకాల అది సర్వర్‌ని ఏమడుగుతోందో మొత్తం చూపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ తన టేబుళ్ళ వివరాలు కూడా టేబుళ్ళలోనే దాచుకుంటుంది, వాటి మీద మామూలు సెలెక్టే నడుస్తుంది. నేను జాయిన్లు (రెండు టేబుళ్ళని కలిపి అడగడం) సరిగ్గా నేర్చుకున్నది ఏ కోర్సులోనూ కాదు, ఆ దొంగచాటు క్వెరీలు చదివే.

ప్రాంప్ట్ (మనం కొట్టే లైను ముందు కనిపించేది) గురించి చెప్పకపోతే పాపం. చాలామంది ఆ చిన్న గుర్తుల్ని చూడరు. డేటాబేస్ పేరు, పక్కన సమానం గుర్తు ఉంటే నువ్వు చెప్పు, వింటున్నా అని. సెమికోలన్ పెట్టకుండా ఎంటర్ కొడితే సమానం గుర్తు కాస్తా అడ్డగీత అవుతుంది, ఇంకా అయిపోలేదని. కొటేషన్ తెరిచి మూయకపోతే అక్కడ కొటేషనే కనిపిస్తుంది, బ్రాకెట్ మూయకపోతే బ్రాకెట్. ట్రాన్సాక్షన్ (ఖాయం చేసేదాకా వెనక్కి తీసుకోగలిగే మార్పుల కట్ట) లోపల ఉంటే ఒక నక్షత్రం గుర్తు. ఆ ట్రాన్సాక్షన్లో ఏదన్నా తప్పు జరిగి చెడిపోతే ఆశ్చర్యార్థకం. చివర్న హ్యాష్ కనిపించిందంటే సూపర్‌యూజర్‌గా, అన్ని అధికారాలతో లోపలికొచ్చావు, జాగ్రత్త అని. ఎన్ని రంగుల బటన్లు పెట్టినా మా సాఫ్ట్‌వేర్ నాకు ఇంత సమాచారం ఇవ్వదు.

మొదట్లో విసుగు పుట్టించేది వెడల్పు. మా స్లాబుల టేబుల్‌కి ముప్పై పైన కాలమ్స్ ఉన్నాయి. గ్రాస్ పొడవు, నెట్ పొడవు, గ్రాస్ ఎత్తు, నెట్ ఎత్తు, మందం, గ్రేడు, పాలిష్ తేదీ, బండిల్, రిమార్కు, ఇంకా ఎందుకున్నాయో ఎవరికీ తెలియని ఒక నాలుగు. అంతా ఒకేసారి అడిగితే లైన్లు విరిగి ఒకదాని మీద ఒకటి పడి, చూసినవాళ్ళకి తల తిరుగుతుంది. టెర్మినల్ వద్దురా బాబూ అని పారిపోయేవాళ్ళంతా ఇక్కడే పారిపోతారు. దీనికి మందు రెండు మాటల్లో ఉంది. బ్యాక్‌స్లాష్ ఎక్స్ ఆటో అని పెడితే, స్క్రీనులో పట్టనప్పుడు తనంతట తనే నిలువుగా, ఒక కాలమ్‌కి ఒక లైను చొప్పున చూపిస్తుంది. ఒక స్లాబు పుట్టుపూర్వోత్తరాలు చదవాలంటే అదే హాయి. ఎక్కువ వరసలు పక్కపక్కన పోల్చాలంటే మాత్రం నిలువు పనికిరాదు. అప్పుడు లెస్ అనే పేజర్‌కి (ఫలితాన్ని పేజీలుగా చూపించే ప్రోగ్రాం) పెద్ద ఎస్ ఆప్షన్ ఇస్తే లైన్లు విరగవు, బాణం మీటలతో పక్కకి జరుపుకోవచ్చు. నేను ఇప్పుడు పీఎస్‌పీజీ వాడుతున్నాను. పావెల్ స్టేహులే అనే ఆయన ఈ పనికోసమే రాసిన పేజర్. పైన హెడింగులూ, ఎడమ పక్క మొదటి కాలమూ కదలకుండా ఉంటాయి. బ్లాకు నంబరు ఎప్పుడూ కళ్ళముందే ఉంటుంది, మిగతాది జరుగుతుంది.

ఇలాంటివి రోజూ కొట్టుకోకుండా హోమ్ ఫోల్డర్లో పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ అనే ఫైల్లో రాసిపెట్టుకోవాలి, పేరుకి ముందు చుక్క ఉంటుంది. నా ఫైల్లో ఉన్నవాటిలో నేను దేన్నయినా వదులుకుంటాను గానీ ఒక్కదాన్ని వదలను. నల్ (విలువే ఎక్కించని గడి) కనిపించాల్సిన చోట ఏం చూపించాలో చెప్పే లైను అది. మామూలుగా పీఎస్‌క్యూఎల్ నల్‌ని ఏమీ లేనట్టే చూపిస్తుంది. ఖాళీ స్ట్రింగుని (అక్షరాలేమీ లేని మాటని) కూడా అలాగే చూపిస్తుంది. రెండూ కంటికి ఒకటే, లోపల వేరు. నేను నల్ ఉన్నచోట "లేదు" అని తెలుగులో కనిపించేట్టు పెట్టుకున్నాను. ఆ ఒక్క మాటే మార్చి నెలాఖరు స్టాకు లెక్కల్లో మమ్మల్ని గట్టెక్కించింది.

సంగతేంటంటే, కంప్యూటర్లో ఉన్న స్లాబులకీ యార్డులో ఉన్న స్లాబులకీ పొంతన కుదరలేదు. కంప్యూటర్లో ఎక్కువ, యార్డులో తక్కువ. యార్డు చూసే బాబాయ్ (చుట్టం కాదు, అందరికీ ఆయన బాబాయే) మొహం చిన్నబోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ రాళ్ళ మధ్యే తిరిగే మనిషి. "అమ్మాయ్, రాయి జేబులో పెట్టుకుపోయేది కాదు గదా, యాడికి పోద్ది?" అన్నాడు. నిజమే, ఒక స్లాబు ఎత్తాలంటే క్రేన్ కావాలి. అంటే రాయి కంటైనర్లోనే పోయింది, కంప్యూటర్‌కే తెలియలేదు.

సాఫ్ట్‌వేర్‌లో తేడాల రిపోర్టు అని ఒకటి ఉంది. ప్యాకింగ్ లిస్టులో ఉండి, స్లాబుల టేబుల్‌తో కలవనివి చూపించాలి దాని పని. నేను చేరినప్పటి నుంచీ అది "తేడాలు లేవు" అనే చెబుతోంది. అందరం దాన్ని నమ్ముతూనే వచ్చాం, ఎవరు మాత్రం నమ్మరు? అదే క్వెరీని సర్వర్లోంచి వెతికి తీసి పీఎస్‌క్యూఎల్‌లో నడిపాను. సున్నా వరసలు. బ్లాకు నంబరు స్లాబుల టేబుల్‌లో లేనివి ఇవ్వు అని నాట్ ఇన్‌తో రాశాడు మహానుభావుడు. చూడటానికి ఏ తప్పూ లేదు.

అప్పుడు స్లాబుల టేబుల్లో బ్లాకు నంబర్లు ఎన్ని రకాలున్నాయో గ్రూప్ చేసి చూశాను. ఆఖరి వరసలో "లేదు" అని పడింది, పక్కన 9. తొమ్మిది స్లాబులకి బ్లాకు నంబరే లేదు. శాంపిల్ కోసం పక్కన పెట్టిన ముక్కలట, ఎవరో హడావుడిగా ఎంట్రీ చేశారు. అక్కడితో ముడి విడిపోయింది. ఎస్‌క్యూఎల్‌లో నల్ అంటే సున్నా కాదు, ఖాళీ కాదు, తెలియదు అని. ఒక నంబరు ఫలానా జాబితాలో లేదని తేల్చాలంటే జాబితాలో ప్రతిదానితోనూ పోల్చాలి. అందులో ఒకటి తెలియదు అయితే, ఏమో, ఇదే అదేమో అని డేటాబేస్ ఏ వరసకీ లేదు అని తేల్చి చెప్పదు. తేల్చకపోతే వరస రాదు. ఒక్క నల్ చాలు, రిపోర్టు మొత్తం నోరు మూసుకుంటుంది. ఎర్రర్ కూడా రాదు. నాట్ ఇన్ తీసేసి నాట్ ఎగ్జిస్ట్స్ పెడితే ఈ బాధ లేదు. పెట్టాను. 63 వరసలు బిలబిలా వచ్చిపడ్డాయి.

ఇప్పుడు ఆ 63 ఎందుకు కలవలేదు? ఇక్కడ పీఎస్‌క్యూఎల్ కంటే నా టెర్మినల్ ఫాంటుకే దండం పెట్టాలి. ప్యాకింగ్ లిస్టులో ఉన్న నంబరునీ, స్లాబుల టేబుల్లో దానికి దగ్గరగా ఉన్న నంబరునీ పక్కపక్కన పెట్టాను. సాఫ్ట్‌వేర్ స్క్రీనులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. టెర్మినల్ ఫాంటులో సున్నాకి కడుపులో అడ్డంగా ఒక గీత ఉంటుంది, ఇంగ్లీషు ఓ అక్షరానికి ఉండదు. ఒక దాంట్లో జీ తరవాత సున్నా, రెండో దాంట్లో జీ తరవాత ఓ. కొన్నింటికేమో రెండూ సున్నాలే, అయినా కలవడం లేదు. అక్షరాల పొడవు అడిగితే ఒకదానికి ఒకటి ఎక్కువొచ్చింది. చివర్న ఒక స్పేస్ నక్కి కూర్చుంది.

బాబాయ్‌ని పిలిచి చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూశాడు. "బ్లాకు మీద పెయింటుతో రాసేటప్పుడు సున్నాకి గీత కొట్టమని మొత్తుకుంటానే ఉండా. ఈ కుర్రోళ్ళు ఇంటే గదా. పాత మార్కింగ్ మేస్త్రీ ఉన్నప్పుడు ఇట్టాంటియ్యి లేవు" అన్నాడు. టాబ్లెట్‌లో ఎంట్రీ చేసే పిల్లాడు పెయింటులో ఏం కనిపిస్తే అది కొట్టాడు. ఆఫీసులో ప్యాకింగ్ లిస్టు కొట్టే అమ్మాయి ఇంకోలా కొట్టింది. తప్పెవరిదని చెబుతాం?

సరిచెయ్యడానికి కూర్చున్నప్పుడు నాకొక పద్ధతి ఉంది. ముందు బిగిన్ కొడతాను, ట్రాన్సాక్షన్ తెరుచుకుంటుంది. ప్రాంప్ట్‌లో నక్షత్రం గుర్తు పడిందా లేదా చూస్తాను. మార్చబోయే వరసల్ని ముందు సెలెక్ట్‌తో చూసి, ఎన్నో గుర్తుపెట్టుకుని, అదే వేర్‌తో అప్‌డేట్ రాస్తాను. ఎంటర్ కొట్టగానే అప్‌డేట్ అని, పక్కన ఎన్ని వరసలు మారాయో అంకె వస్తుంది. నేను 41 అనుకున్నాను, 41 వచ్చింది, కమిట్ (ఖాయం). స్పేసులవి 22 అనుకున్నాను, 24 వచ్చింది, వెంటనే రోల్‌బ్యాక్ (రద్దు). ఆ అదనపు రెండూ చూస్తే, ఎప్పుడో రద్దయిన ఒక ఆర్డరువి, అసలు ముట్టుకోకూడనివి. ఆ అంకె కోసమే నేను టెర్మినల్‌ని వదలను. గ్రిడ్‌లో గడి మీద డబుల్ క్లిక్ చేసి మార్చే సాఫ్ట్‌వేర్లు ఎంత అందంగా ఉన్నా, నాకు ఆ అంకె చూస్తేనే గుండె కుదుటపడుతుంది.

తరవాత బ్లాకు నంబరు కాలమ్‌కి ఒక చెక్ షరతు పెట్టాను. జీ తరవాత అంకెలు తప్ప ఇంకేమీ రాకూడదు, స్పేసు రాకూడదు, ఖాళీ వదలకూడదు. శాంపిళ్ళకి వేరే వరస ఇచ్చాం. ఇప్పుడు టాబ్లెట్ పిల్లాడు ఓ కొడితే సాఫ్ట్‌వేర్ అర్థంకాని ఇంగ్లీషులో ఒక ఎర్రర్ విసిరి ఊరుకుంటుంది. వాడు నాకు ఫోన్ చేస్తాడు. ఫోన్ రావడమే మంచిది.

ట్రాన్సాక్షన్ తెరిచి టీకి వెళ్ళకూడదు, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. మనం మార్చిన వరసలు కమిట్ అయ్యేదాకా తాళం పడి ఉంటాయి. అవే వరసల్ని బిల్లింగ్ వాళ్ళు మార్చబోతే వాళ్ళ స్క్రీను గిర్రున తిరుగుతూనే ఉంటుంది, కింద లోడింగ్ ఆగిపోతుంది. మైఎస్‌క్యూఎల్ అనే వేరే డేటాబేస్ వాడేవాళ్ళకి ఇంకో రక్షణ ఉంది. దాని టెర్మినల్ ప్రోగ్రాంని సేఫ్ అప్‌డేట్స్ ఆప్షన్‌తో తెరిస్తే, కీ కాలమ్ మీద వేర్ గానీ, లిమిట్ గానీ లేకుండా అప్‌డేట్, డిలీట్ చెయ్యనివ్వదు. అదే ఆప్షన్‌కి "నేనొక మొద్దుని" అనే అర్థం వచ్చేట్టు ఇంకో పేరు కూడా పెట్టారు. రాసినవాళ్ళకి హాస్యం ఎక్కువే.

ఇంటి దగ్గర్నుంచి పని చెయ్యాల్సి వచ్చినప్పుడు దీని విలువ ఇంకా తెలుస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో ముసురు పట్టిందంటే ఒంగోలులో మొబైల్ డేటా నత్తనడకే. రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే మౌస్ ఇక్కడ కదిపితే అక్కడ ఎప్పటికో కదులుతుంది. టెర్మినల్‌లో పోయేవి అక్షరాలే కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్ టెర్మినల్‌లోకి వెళ్ళే దారి) మీద చక్కగా నడిచిపోతుంది. సర్వర్లో టీమక్స్ (తెరిచిన టెర్మినల్‌ని సర్వర్లోనే నడుస్తూ ఉంచే ప్రోగ్రాం) పెట్టుకుంటాను. నా వైపు నెట్ పోయినా పీఎస్‌క్యూఎల్ అక్కడ బతికే ఉంటుంది. మళ్ళీ లోపలికెళ్ళి వదిలిన చోటే పట్టుకుంటాను. టీమక్స్ లేకుండా కనెక్షన్ తెగితే కమిట్ చెయ్యని మార్పులు వెనక్కి పోతాయి. అది కూడా నష్టమేం కాదు, సగంసగం పని మిగలడం కంటే మేలు.

ఇక తెలుగు. టెర్మినల్‌కీ తెలుగుకీ పడదు, ఈ మాట ఒప్పుకోవాల్సిందే. లోడింగ్ కూలీల పేర్లు, ఊళ్ళు మా డేటాబేస్‌లో తెలుగులోనే ఉన్నాయి. పొదిలి, మద్దిపాడు, సంతనూతలపాడు అన్నీ. టెర్మినల్ స్క్రీనుని సమానమైన గడులుగా కోసి గడికొక అక్షరం పెట్టాలని చూస్తుంది. మన అక్షరం అలా ఇమడదు. మద్దిపాడులో దావత్తు పక్కకి పోతుంది, టేబుల్ నిలువు గీతలు ఆ వరస దగ్గర వంకర తిరుగుతాయి. డేటా మాత్రం చెక్కుచెదరదు, చూపించడంలోనే తంటా. పీఎస్‌క్యూఎల్‌ని ఒంగోలు అనే మాటకి ఎన్ని అక్షరాలని అడిగితే 6 అంటుంది, బైట్లు ఎన్నంటే 18 అంటుంది. మనం ఒం, గో, లు అని మూడే లెక్కపెడతాం. అది సున్నా, ఓత్వం, కొమ్ము అన్నీ విడివిడిగా లెక్కేస్తుంది. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) తెలుగువి ఒక్కోటి మూడు బైట్లు. గుణింతాలూ వత్తులూ కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి, పేరు కాలమ్‌కి 20 అక్షరాల హద్దు పెడితే మన కంటికి చిన్నగా కనిపించే పేరు కూడా పట్టకపోవచ్చు. చేసినవాళ్ళు 20యే పెట్టారు. నేను 120కి పెంచాను.

పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్‌కి వ్యాఖ్య రాసిపెట్టే వీలుంది, కామెంట్ ఆన్ అని. నేను ముప్పై చిల్లర కాలమ్స్‌కీ తెలుగులో రాసిపెట్టాను. "నెట్ పొడవు: అంచులు, పగుళ్ళు పోగా మిగిలింది, బిల్లు దీని మీదే" లాంటివి. బ్యాక్‌స్లాష్ డీ ప్లస్ కొడితే పక్కన కనిపిస్తాయి, గీతలు కాస్త వంకరగా ఉన్నా సరే. నా తరవాత వచ్చేవాళ్ళు నన్ను తిట్టుకోకుండా ఉంటే చాలు.

వేరే పనిముట్లు చూడలేదా అంటే, చూశాను. పీజీక్లీ, మైక్లీ, లైట్‌క్లీ అని ఒకే కుటుంబానివి ఉన్నాయి, పైథాన్‌లో రాసినవి. రెండు అక్షరాలు కొట్టగానే టేబుళ్ళు, కాలమ్స్ పేర్లు కింద జారుతూ వస్తాయి, రంగులు కూడా ఉంటాయి. కొత్తవాళ్ళకి నేను అవే పెట్టమంటాను. పేర్లు గుర్తు లేని డేటాబేస్‌లో ఆ సాయం చిన్నది కాదు. హార్లెక్విన్ అయితే టెర్మినల్లోనే పూర్తి సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. ఎడమ పక్క టేబుళ్ళ చెట్టు, పైన రాసుకునే చోటు, కింద ఫలితం. బాగుంది గానీ నా చేతివేళ్ళు పీఎస్‌క్యూఎల్‌కే అలవాటు పడిపోయాయి. ఎస్‌క్యూఎల్‌లైట్‌కి (ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) దాని సొంత టెర్మినల్ ప్రోగ్రాం ఉంది, అందులో బ్యాక్‌స్లాష్ బదులు డాట్. డాట్ టేబుల్స్, డాట్ స్కీమా. మా టాబ్లెట్ నెట్ లేనప్పుడు ఎంట్రీలు ఒక ఎస్‌క్యూఎల్‌లైట్ ఫైల్లో దాచుకుంటుంది. ఏదన్నా ఎంట్రీ సర్వర్‌కి చేరకపోతే ఆ ఫైల్ కాపీని రీడ్‌ఓన్లీగా తెరిచి చూస్తాను. టేబుళ్ళ మధ్య చుట్టరికాల బొమ్మ గీసి ఓనరు గారికి చూపించాలంటే మాత్రం మౌస్ సాఫ్ట్‌వేరే తెరుస్తాను, టెర్మినల్‌తో కుస్తీ పట్టను.

ఆడిటర్ గారికి ఎక్సెల్ కావాలి. బ్యాక్‌స్లాష్ కాపీతో సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) తీసిస్తాను. మామూలు కాపీ ఫైల్‌ని సర్వర్లో రాస్తుంది, బ్యాక్‌స్లాష్ ఉన్నది నా కంప్యూటర్లో రాస్తుంది. మొత్తం ఒకే లైనులో ఉండాలని దాని నియమం, అది కొంచెం చిరాకు. తెలుగు పేర్లున్న సీఎస్‌వీని ఎక్సెల్లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే చెత్త అక్షరాలు వస్తాయి. డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి యూటీఎఫ్-8 అని చెబితే సరిగ్గా వస్తాయి. ఈ సంగతి ఆడిటర్ ఆఫీసుకి ప్రతి ఏడాదీ చెబుతాను, ప్రతి ఏడాదీ మర్చిపోతారు.

కంటైనర్ లోడింగ్ ఉన్న రోజు నాకు బాగా నచ్చేది బ్యాక్‌స్లాష్ వాచ్. ఏ బండిల్ ఎన్ని స్లాబులు ఎక్కిందో ఒక లెక్క రాసి, పక్కన వాచ్ 10 అని పెడితే పది సెకన్లకోసారి తనే మళ్ళీ అడుగుతూ ఉంటుంది. కింద టాబ్లెట్లో ఎంట్రీ పడగానే ఇక్కడ అంకె పెరుగుతుంది. పైన కూర్చుని, ఏ బండిల్ దగ్గర ఆగిపోయిందో చూసి బాబాయ్‌కి ఫోన్ కొడతాను. "నీకెట్టా తెలిసిందమ్మాయ్?" అంటాడు ప్రతిసారీ.

ఈమధ్య అకౌంట్స్ కుర్రాడికి కూడా ఒక లాగిన్ ఇచ్చాను, చదవడానికి మాత్రమే, సెలెక్ట్ తప్ప ఇంకేదీ నడవకుండా. మొదటి రోజే స్లాబుల టేబుల్ మొత్తాన్ని లిమిట్ లేకుండా పిలిచాడు. పేజర్ తెరుచుకుని స్క్రీను నిండిపోయింది. ఏ మీట నొక్కినా ప్రాంప్ట్ రాలేదు. "మేడం, ఇందులోంచి బయటికి రావడం ఎట్టా?" అని పరిగెత్తుకొచ్చాడు. పేజర్‌లోంచి రావడానికి క్యూ, పీఎస్‌క్యూఎల్‌లోంచి రావడానికి బ్యాక్‌స్లాష్ క్యూ. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి ఎగ్జిట్ అని మామూలుగా కొట్టినా వదిలేస్తుంది. మేం వాడేది అంతకంటే కొత్తదే కాబట్టి వాడికి ఎగ్జిట్ ఒక్కటే చెప్పాను. ఈ వారం గ్రూప్ బై మొదలుపెట్టాం.